సోడియాన్ని ఆపి పొటాషియాన్ని వదిలే దారి: కేసీఎస్‌ఏ ఛానల్ నిర్మాణంపై ఒక కేస్ స్టడీ

రక్త పరీక్ష రిపోర్టులో ఎలక్ట్రొలైట్ల వరుస చూడండి. సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5 నుంచి 5. కణం లోపల ఇది తలకిందులవుతుంది. అక్కడ పొటాషియం 140 దరిదాపుల్లో ఉంటే సోడియం పది, పదిహేనుకు మించదు. కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెడుతూ సోడియం-పొటాషియం పంపు ఈ తేడాను అనుక్షణం నిలబెడుతుంది. ఆ తేడాను వాడుకునేవి కణత్వచంలోని ఛానళ్లు, అంటే అయాన్లను దాటనిచ్చే రంధ్రాలు. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉందంటే, సంకేతం ఒకటి దాటిపోగానే నాడి తర్వాతి సంకేతానికి సిద్ధమవుతోందంటే, గుండె కండరం ప్రతి స్పందన తర్వాత మళ్లీ సడలుతోందంటే, వీటన్నిటి వెనకా పొటాషియం ఛానళ్లు ఉన్నాయి. అవి తెరుచుకోగానే పొటాషియం బయటికి పోతుంది. సోడియం మాత్రం ఆ దారిన లోపలికి రాదు.

ఎందుకు రాదు? ఈ కేసంతా ఆ ప్రశ్నే. పొటాషియం అయాన్ వ్యాసార్ధం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు, సోడియానిది 0.95. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. రెండిటికీ ఉన్నది ఒకే ధనావేశం. పెద్దది దూరే రంధ్రంలో చిన్నది దూరలేకపోతోంది. పోనీ ఛానల్ పొటాషియాన్ని గట్టిగా పట్టుకుని గుర్తుపడుతోందా అంటే, గట్టిగా పట్టుకున్నదాన్ని త్వరగా వదలడం కష్టం. కానీ ఒక్క ఛానల్ గుండా సెకనుకు పది కోట్ల వరకు అయాన్లు పోగలవు. ఆ వేగంలోనూ సోడియం కంటే పొటాషియానికి కనీసం పదివేల రెట్లు మొగ్గు ఉంటుంది. ఇంత కచ్చితత్వం, ఇంత వేగం ఒకే చోట ఎలా కుదిరాయి?

నేను త్వచ ప్రోటీన్ల నిర్మాణాలు తేల్చే పనిలో ఉన్నాను. ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవారికి ముందుగా ఈ కేసునే వివరిస్తాను. ప్రోటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి. వాటిలో చాలావాటికి చక్కటి పటాలు, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూపే చిత్రాలు ఉన్నా, ఆ పటాన్ని నిలదీసి అడగవలసిన ప్రశ్న లేదు. ఒక మట్టి బ్యాక్టీరియాలోని పొటాషియం ఛానల్ అయిన కేసీఎస్‌ఏ విషయంలో పటం రావడానికి నలభై ఏళ్ల ముందునుంచే ప్రశ్న పదునెక్కుతూ వచ్చింది. అందుకే 3.2 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్‌తో (ఈ అంకె ఎంత చిన్నదైతే చిత్రం అంత స్పష్టం), ఇవాళ్టి లెక్కలో మసకగానే ఉన్న ఒక చిత్రం అంత స్పష్టమైన జవాబు చెప్పగలిగింది.

చిత్రానికి ముందు చేతిలో ఉన్న ఆధారాలు

1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్ర జీవి నాడిపై పనిచేసి సోడియం, పొటాషియం ప్రవాహాలను విడదీసి కొలిచారు. 1955లో హాడ్జ్‌కిన్, కీన్స్ రేడియోధార్మిక పొటాషియంతో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎదురు దిశల్లో పోయే అయాన్లు ఒకదాన్నొకటి అడ్డుకుంటున్న తీరు చూసి, దారి ఇరుకైనదనీ, అందులో ఒకేసారి కొన్ని అయాన్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయనీ తేల్చారు. అప్పటికి ఛానల్ అనేది ప్రోటీన్ అని కూడా రుజువు కాలేదు. కరెంటునూ, రేడియోధార్మికతనూ మాత్రమే కొలిచి రంధ్రం లోపల వరుస ఉందని చెప్పగలిగిన ఆ తర్కాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

1972లో బెజానియా, ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక ఊహను ముందుకు తెచ్చారు. నీటిలో అయాన్ ఒంటరిగా ఉండదు, దాని చుట్టూ నీటి అణువుల ఆక్సిజన్లు చేరి ఉంటాయి. రంధ్రంలోకి రావాలంటే అది ఆ నీటిని వదులుకోవాలి, అందుకు శక్తి కావాలి. రంధ్రం గోడలోని ఆక్సిజన్లు పొటాషియానికి సరిగ్గా అదే దూరంలో ఉంటే ఆ ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. సోడియం చిన్నది కాబట్టి గోడలోని ఆక్సిజన్లన్నీ దానికి ఒకేసారి అందవు. నీటిని వదులుకున్న ఖర్చు దానికి తిరిగి రాదు. అందుకే అది నీటిలోనే ఉండిపోతుంది. చిన్న అయాన్ ఆగిపోవడానికి దొరికిన మొదటి సరైన వివరణ ఇది.

ఆ ఆక్సిజన్లు ఎవరివి? 1987-88లో ఈగల్లో పొటాషియం ఛానల్‌ను తయారుచేసే షేకర్ జన్యువును క్లోన్ చేసిన తర్వాత పొటాషియం ఛానళ్ల అమైనో ఆమ్ల వరుసలు ఒకటొకటిగా బయటపడ్డాయి. దాదాపు అన్నిటిలోనూ ఒక చిన్న ముక్క పెద్దగా మారకుండా ఉంది: థ్రియోనీన్, వాలీన్, గ్లైసీన్, టైరోసిన్, గ్లైసీన్. రోడరిక్ మెకినన్ తేలు విషంతో చేసిన ప్రయోగాల ద్వారా ఈ ముక్క రంధ్రం దగ్గరే ఉందని, ఛానల్‌లో నాలుగు ఒకే రకమైన ఉపభాగాలు ఉంటాయని చూపాడు. 1994లో లీజ్ హెగిన్‌బోథమ్, మెకినన్, వారి సహచరులు ఈ ముక్కలోని అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా మార్చి చూశారు. కీలకమైన చోట మార్పు పడితే ఎంపిక శక్తే పోయింది.

ఇక్కడ ఒక గట్టి పోటీ ప్రతిపాదన కూడా ఉంది. వరుసలో టైరోసిన్ ఉంది కదా, దాని బెంజీన్ వలయంలోని ఎలక్ట్రాన్ మబ్బు ధనావేశాన్ని ఆకర్షిస్తుంది. నాలుగు టైరోసిన్ వలయాలు కలిసి పొటాషియాన్ని ఎంచుకుంటాయని 1993లో లెక్కలు కట్టి చూపినవారున్నారు. అది తీసిపారేయదగ్గ వాదన కాదు. కాబట్టి స్ఫటికం ముందు నిలిచిన ప్రశ్న "ఛానల్ ఎలా ఉంటుంది" అనేది కాదు. పొటాషియం వైపు తిరిగి ఉన్నవి ఆక్సిజన్లా, వలయాలా? ఆక్సిజన్లయితే అవి ఒక్కో అమైనో ఆమ్లం నుంచి పక్కకు వేలాడే పక్క గొలుసులవా, ఆమ్లాలన్నిటినీ కలుపుతూ పోయే ప్రధాన గొలుసువా?

స్ఫటికం

మెకినన్ చదివింది వైద్యం, చేస్తూ వచ్చింది ఛానళ్ల కరెంటు కొలతలు. స్ఫటికాలపై ఎక్స్-కిరణాలు పంపి అణువుల ఆకారం తేల్చే క్రిస్టలోగ్రఫీ అతని విద్య కాదు. ప్రశ్నకు జవాబు పరమాణువుల స్థాయిలో తప్ప దొరకదని తేలాక ఆ విద్యను నేర్చుకోవడం మొదలుపెట్టి, 1996లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయానికి మారాడు.

త్వచ ప్రోటీన్‌తో పని ఎందుకు కష్టమో చెప్పాలి. కొవ్వు పొరలో ఉండే ప్రోటీన్‌ను నీళ్లలోకి తేవాలంటే డిటర్జెంట్ వాడాలి. డిటర్జెంట్ అణువులు ప్రోటీన్ నడుముకు పట్టీలా చుట్టుకుంటాయి. స్ఫటికం ఏర్పడాలంటే ప్రోటీన్లు ఒకదానికొకటి తగలాలి. నడుము మూసుకుపోయాక తగలడానికి పైనా కిందా కొద్ది జాగా మాత్రమే మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద అంచులు పదునుగా, వజ్రంలా మెరిసే స్ఫటికాన్ని సన్నని నైలాన్ ఉచ్చుతో ఎత్తి ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఎక్స్-కిరణాల ముందు పెడతాం. స్ఫటికం చెదరగొట్టిన కిరణాలు డిటెక్టరుపై వేసే చుక్కలు పది ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే ఆగిపోతాయి. పది ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ప్రోటీన్ ఒక ముద్దగా తప్ప కనిపించదు. ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన అనుభవం ఇది. స్ఫటికం అందం బయటి సంగతి, లోపలి క్రమం వేరే సంగతి.

ఈగ ఛానల్‌ను గానీ మనిషి ఛానల్‌ను గానీ స్ఫటికాలకు సరిపడా తయారు చేసే దారి అప్పట్లో లేదు. 1995లో జర్మనీలో హిల్డ్‌గుండ్ ష్రెంఫ్ బృందం స్ట్రెప్టోమైసెస్ లివిడాన్స్ అనే మట్టి బ్యాక్టీరియాలో కేసీఎస్‌ఏ అనే చిన్న పొటాషియం ఛానల్‌ను వర్ణించింది. ఒక్కో ఉపభాగంలో 160 అమైనో ఆమ్లాలు మాత్రమే. ఆ ఐదింటి వరుస చెక్కుచెదరకుండా ఉంది. ప్రయోగశాలల్లో సులువుగా పెరిగే ఈ-కొలై బ్యాక్టీరియాలో దండిగా తయారవుతుంది. పని చేయగలిగిన నమూనాను ఎంచుకోవడంలోనే ఈ రంగంలో సగం గెలుపు ఉంటుంది.

కానీ బ్యాక్టీరియా ఛానల్ చెప్పిన మాట మన నాడికి వర్తిస్తుందా? ఈ అనుమానాన్ని మెకినన్ బృందం వదిలేయలేదు. ఈగ ఛానల్ నోటికి అతుక్కునే తేలు విషం, కొద్ది మార్పులు చేసిన కేసీఎస్‌ఏకు కూడా అతుక్కుంటుందని చూపి, నిర్మాణంతో పాటే ప్రచురించారు. ఆకారం వేరైతే ఆ విషం పట్టేది కాదు. నా మట్టుకు ఆ రెండో పరిశోధనా పత్రం మొదటిదానికి తీసిపోదు. నమూనా మార్చి పనిచేసే ప్రతివారూ ఇలాంటి ఒక పరీక్ష చూపించి తీరాలని నా అభిప్రాయం.

ప్రోటీన్ చివర వదులుగా ఊగే తోకను కైమోట్రిప్సిన్ అనే ఎంజైముతో కత్తిరించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో, తీవ్రమైన ఎక్స్-కిరణాలనిచ్చే సింక్రోట్రాన్ యంత్రం కిరణాలతో 3.2 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు సమాచారం వచ్చింది. పటం గీయడానికి చుక్కల తీవ్రత, తరంగాల దశ రెండూ కావాలి. డిటెక్టరు తీవ్రతను ఇస్తుంది గానీ దశను ఇవ్వదు. దాన్ని రాబట్టడానికి ప్రోటీన్‌లో ఎంచుకున్న చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెట్టి, దానికి పాదరసాన్ని తగిలించారు. నాలుగు ఉపభాగాలు ఒకేలా ఉంటాయి కాబట్టి నాలుగింటి సాంద్రతను సగటు తీస్తే పటంలోని రొద తగ్గి గీతలు తేలాయి. చివరికి ఒక్కో గొలుసులో 23 నుంచి 119 వరకు, అంటే 97 అమైనో ఆమ్లాలకు స్థానాలు దొరికాయి. 1998 ఏప్రిల్‌లో ఇది ప్రచురితమైంది.

పటం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

నాలుగు ఉపభాగాలు మధ్యలో ఒక దారిని వదిలి నిలబడ్డాయి. కణం లోపలి వైపునుంచి వస్తే ముందు ఒక సొరంగం, త్వచం నడిమధ్యలో పది ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పున నీటితో నిండిన ఒక గది, దాని పైన 12 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవున ఇరుకైన ఫిల్టర్. కొవ్వు పొర నడుమ ఆవేశం ఉన్న అయాన్ నిలవడం చాలా కష్టం. సరిగ్గా ఆ కష్టమైన చోటే నీళ్ల గది ఉంది. నాలుగు పొట్టి హెలిక్సులు, అంటే మెలిక తిరిగిన గొలుసు ముక్కలు, తమ రుణావేశపు కొసలను ఆ గది మధ్యకు గురిపెట్టి అయాన్‌కు ఆసరా ఇస్తున్నాయి.

ఫిల్టర్ గోడ ఆ ఐదు అమైనో ఆమ్లాలదే, వాటి సంఖ్యలు 75 నుంచి 79. టైరోసిన్ వలయాలు దారిలోకి రాలేదు. అవి బయటికి తిరిగి, పక్కనున్న హెలిక్సులలోని ట్రిప్టోఫాన్‌లకు ఆనుకుని, ఫిల్టర్ చుట్టూ పట్టు బిగించినట్టు కూర్చున్నాయి. వలయాల వాదన అక్కడితో ముగిసింది. దారి వైపు తిరిగి ఉన్నవి ప్రధాన గొలుసులోని కార్బొనైల్ ఆక్సిజన్లు, అంటే కార్బన్‌తో జంట బంధంలో ఉన్నవి.

నేను విద్యార్థులను ఆపి చూపించేది ఇక్కడే. 3.2 ఆంగ్‌స్ట్రామ్‌ల పటంలో కార్బొనైల్ ఆక్సిజన్ విడిగా కనిపించదు. గొలుసు ఒక లావుపాటి గొట్టంలా ఉంటుంది. దాని మీద బొడిపెలున్న చోట పెద్ద పక్క గొలుసులు ఉంటాయి, అంతే. టైరోసిన్, వాలీన్ పక్క గొలుసులు దారికి దూరంగా ఉన్నాయని తేలితే, దారివైపు మిగిలేది ప్రధాన గొలుసే. ఇది రసాయనశాస్త్రం తెలిసినవారు పటాన్ని చదివిన పద్ధతి. అది సరైన పఠనమే, కానీ పఠనమే. పటం ఇచ్చింది ఎంత, మనం చేర్చింది ఎంత అన్న లెక్క ప్రతి నిర్మాణానికీ వేసుకోవాలి.

అయాన్ల విషయంలో వారు చేసిన పని చూడండి. పొటాషియం అయాన్‌లో 18 ఎలక్ట్రాన్లుంటాయి, నీటి అణువులో 10. ఆ రిజల్యూషన్‌లో ఒక చుక్క కనిపిస్తే అది ఏదో తేల్చడం కష్టం. కానీ రుబీడియం కూడా ఈ ఛానల్ గుండా పోతుంది, దాని అయాన్‌లో 36 ఎలక్ట్రాన్లు. సీజియంలో 54. స్ఫటికాలలోని పొటాషియం స్థానంలో వీటిని పెట్టి, రెండు పటాల తేడా తీశారు. ఫిల్టర్‌లో రెండు చోట్ల, గదిలో ఒక చోట సాంద్రత లేచింది. 1955లో రేడియోధార్మికత కొలిచి చెప్పిన ఆ వరుస ఇప్పుడు పటంలో చోటుతో సహా కనిపించింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చే ప్రయోగం ఇదే. కరెంటు కొలిచేవాడికి రుబీడియం దారి తెలుసు, అందుకే ఎక్స్-కిరణాల ముందు ఏం పెట్టాలో తెలిసింది.

రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు

2001లో అదే బృందం 2.0 ఆంగ్‌స్ట్రామ్‌లకు చేరింది. ఎలుకలలో తయారుచేసిన ప్రతిరక్షకం ముక్కను ఛానల్ పై భాగానికి అతికించారు. డిటర్జెంట్ పట్టీ వల్ల తగ్గిన జాగాను ఆ ముక్కలు భర్తీ చేశాయి, అవి ఒకదానికొకటి తగిలి స్ఫటికాన్ని కట్టాయి. ఇప్పుడు ఆక్సిజన్లు, నీటి అణువులు విడివిడిగా కనిపించాయి.

గదిలో ఉన్న పొటాషియం చుట్టూ ఎనిమిది నీటి అణువులు. ఫిల్టర్‌లోని ప్రతి పొటాషియం స్థానం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు, నాలుగు పైన, నాలుగు కింద. రెండిటి అమరిక ఒకటే. నీటి ఆక్సిజన్లు వదిలిన చోట ప్రోటీన్ ఆక్సిజన్లు అందుకుంటున్నాయి. 1972 నాటి ఊహకు ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు. అలాంటి స్థానాలు ఫిల్టర్‌లో నాలుగు. సగటున ఒకేసారి రెండు నిండుతాయి: ఒకటీ మూడూ, లేదా రెండూ నాలుగూ, మధ్యలో ఒక్కో నీటి అణువు. ఈ రెండు అమరికల శక్తి దాదాపు సమానం, కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి అడ్డు చాలా తక్కువ. కిందనుంచి మూడో అయాన్ లోపలికి రాగానే ఆవేశాల వికర్షణతో పై చివరిది బయటికి పోతుంది. గట్టి పట్టు, మెరుపు వేగం ఒకే చోట ఎలా ఉన్నాయన్న చిక్కు ఇలా విడిపోయింది. ఒక్క అయాన్ అయితే అతుక్కుపోయేది. రెండు ఉన్నందువల్లే కదులుతున్నాయి.

పొటాషియం బాగా తగ్గించి తీసిన మరో పటంలో ఫిల్టర్ నడుము వంగి మూసుకుపోయింది. అంటే ఆ ఆకారాన్ని నిలబెట్టడంలో పొటాషియానికే పాత్ర ఉంది.

ఇక్కడితో లెక్క పూర్తిగా తేలిపోలేదు. ఫిల్టర్ రాయిలా గట్టిగా ఉంటుందన్న భావనను 2004లో నోస్కొవ్, బెర్నెష్, రూ ప్రశ్నించారు. ప్రోటీన్ పరమాణువులు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనం సోడియం, పొటాషియం వ్యాసార్ధాల తేడా కంటే తక్కువేమీ కాదు. ఎంపికకు మూలం కార్బొనైళ్ల మధ్య వికర్షణ, వాటి విద్యుత్ స్వభావం అని వారి వాదన. నాకది బలమైన వాదనగానే కనిపిస్తుంది. కొలతలు సరిపోవడం అన్న వివరణ పాఠానికి సులువు గానీ, కంపించే గోడకు మిల్లీమీటరు స్కేలు పెట్టినట్టు ఆలోచించకూడదు. అయాన్ల మధ్య నీరు ఉంటుందా అన్నదీ చర్చే. 2014లో కంప్యూటర్ అనుకరణలు నీరు లేకుండా అయాన్లు పక్కపక్కనే తోసుకుంటాయని చూపాయి, 2016లో పరారుణ వర్ణపట కొలతలు నీరున్న నమూనాతో పొసిగాయి. స్ఫటికం చూపేది కోట్లాది ఛానళ్ల సగటు. ఒకేసారి ఏ స్థానాలు కలిసి నిండాయో సగటు నేరుగా చెప్పలేదు.

ఆ గ్లైసీన్ ఎందుకు మారలేదు

ఈ కేసులో మద్రాసు ప్రస్తావన వచ్చే చోటు ఇది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర ఫై, సై అనే రెండు కోణాలు ఏయే విలువలు తీసుకోగలవో లెక్కగట్టారు. పరమాణువులు ఒకదానిలోకి ఒకటి దూరలేవు కాబట్టి కొన్ని విలువలే చెల్లుతాయి. అదే రామచంద్రన్ పటం. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ప్రోటీన్ నిర్మాణం తేల్చినా దాన్ని ఈ పటంతో సరిచూడాల్సిందే.

కేసీఎస్‌ఏ ఫిల్టర్‌లో 77వ స్థానంలోని గ్లైసీన్ ఈ పటంలో ఎడమచేతి హెలిక్సు ప్రాంతంలో పడుతుంది. ప్రకృతిలోని ఎల్-అమైనో ఆమ్లాలకు అది ఇబ్బందికరమైన చోటు. పక్క గొలుసు లేని గ్లైసీన్‌కు అభ్యంతరం లేదు. వరుసగా వచ్చే ఆక్సిజన్లన్నీ ఒకే దారివైపు తిరగాలంటే గొలుసు అలా మెలిక పడక తప్పదు. ఇది నిజమైతే ఒక వింత జోస్యం చెప్పవచ్చు. ఎల్-రూపానికి అద్దంలో ప్రతిబింబమైన డి-అలనీన్‌ను అక్కడ పెడితే ఛానల్ పనిచేయాలి, మామూలు ఎల్-రూపం పెడితే పనిచేయకూడదు. కణాలు డి-అలనీన్‌తో ప్రోటీన్ తయారు చేయవు. అందుకని 2004లో వలియవీట్టిల్, మ్యూర్, మెకినన్ బృందం ఛానల్‌లో ఆ ముక్కను రసాయనికంగా తయారు చేసి, మిగతాదానికి అతికించి, మడత పెట్టించింది. డి-అలనీన్ ఉన్న ఛానల్ దాదాపు మామూలుగానే పొటాషియాన్ని పోనిచ్చింది. ఎల్-రూపం పెట్టినది పనిచేయలేదు. బ్యాక్టీరియానుంచి మనిషిదాకా ఆ గ్లైసీన్ మారకపోవడానికి కారణం దొరికింది: డి-రూపం చేయాల్సిన పనిని చేయగల అమైనో ఆమ్లం కణం దగ్గర ఇంకొకటి లేదు.

ద్వారం, మందులు

1998 నాటి నిర్మాణంలో లోపలి ద్వారం మూసి ఉంది. తెరిచిన స్థితి 2002లో ఎంటీహెచ్‌కే అనే మరో సూక్ష్మజీవి ఛానల్‌లో కనిపించింది. లోపలి హెలిక్సులు ఒక గ్లైసీన్ దగ్గర వంగి దారి ఇచ్చాయి. వోల్టేజికి స్పందించే భాగం మాత్రం అంత సులువుగా లొంగలేదు. 2003లో వచ్చిన, వోల్టేజికి తెరుచుకునే కేవీఏపీ అనే ఛానల్ నిర్మాణంలో ఆ భాగం త్వచంలో ఉండాల్సిన తీరుకు భిన్నమైన స్థితిలో ఉంది. కొవ్వు పొర లేకపోతే అది తన చోట నిలవలేదు. 2005లో అదే రకానికి చెందిన క్షీరదాల ఛానల్ కేవీ1.2 నిర్మాణం ఆ విషయాన్ని సరిదిద్దింది. ఫిల్టర్ గురించి నిక్కచ్చిగా చెప్పిన అదే పద్ధతి, అదే బృందం చేతుల్లో, ఇంకో భాగం గురించి అంత నమ్మకంగా చెప్పలేకపోయింది. ఒక నిర్మాణాన్ని మొత్తంగా నమ్మాలా వద్దా అని అడగడం కంటే, అందులో ఏ భాగాన్ని ఎంత నమ్మవచ్చు అని అడగడమే సరైన పద్ధతి.

మనిషి గుండెలో స్పందన ముగింపుకు అవసరమైన హెర్గ్ కూడా పొటాషియం ఛానలే. అలర్జీకి వాడిన టెర్ఫెనడిన్, కడుపు సమస్యలకు వాడిన సిసాప్రైడ్ ఈ ఛానల్‌ను అడ్డుకుని ప్రాణాంతకమైన గుండె లయ దోషాలు తెచ్చినందువల్లే అమెరికా మార్కెట్‌లో నిలవలేదు. అప్పటినుంచి కొత్త మందు అణువు ఏదైనా హెర్గ్ పరీక్ష దాటాలి. హైదరాబాద్‌లో మందుల పరిశోధనలో ఉన్నవారికి ఇది నిత్యం వినబడే పేరు. 2017లో మెకినన్ ప్రయోగశాల నమూనాను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, స్ఫటికం అవసరం లేకుండానే, 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర హెర్గ్ నిర్మాణాన్ని తేల్చింది. కేసీఎస్‌ఏలో చూసిన ఆ మధ్య గది ఇక్కడా ఉంది. దాని పక్కలకు కొవ్వు స్వభావపు సన్నని లోతైన జేబులు కనిపించాయి. ఇంత భిన్నమైన మందులన్నీ ఈ ఒక్క ఛానల్‌కే ఎందుకు చిక్కుకుంటాయో వెతకడానికి అదొక చోటు.

ఇవాళ ఒక ప్రోటీన్ మడతను ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ క్షణాల్లో ఊహించి ఇస్తుంది. నేనూ రోజూ వాడతాను. అయితే 2021లో విడుదలైన రూపం ఇచ్చే నమూనాలో అయాన్లు ఉండవు, నీరు ఉండదు. ఈ కేసులో జవాబంతా వాటి స్థానాల్లోనే ఉంది.

స్వయంగా చూడాలనుకునేవారికి ఈ నిర్మాణాలు డేటా బ్యాంకులో ఉచితంగా దొరుకుతాయి. 1998 నాటిది 1బీఎల్8, 2001లో ఎక్కువ పొటాషియంతో తీసినది 1కే4సీ, తక్కువ పొటాషియంతో తీసినది 1కే4డీ. 1కే4సీ తెరవగానే కనిపించే మూడు గొలుసుల్లో ఛానల్‌ది ఒక్కటే, మిగతా రెండూ ప్రతిరక్షకానివి. స్ఫటికంలోని సౌష్ఠవం వల్ల ఫైలులో ఒక్క ఉపభాగమే ఉంటుంది కాబట్టి, జీవ సమూహం అనే ఎంపికను నొక్కి నాలుగింటినీ తెచ్చుకోండి. తర్వాత ప్రతిరక్షకాన్ని దాచి, 75 నుంచి 79 వరకు కడ్డీలుగా పెట్టి, ఆక్సిజన్లకు, పొటాషియానికి మధ్య దూరం కొలవండి. 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వస్తుంది. పక్కనే 1కే4డీ తెరిచి, 77వ గ్లైసీన్ ఎటు తిరిగిందో పోల్చి చూడండి.